అటక మీది గిన్నె కంచా, ఇత్తడా? అమ్మేముందు, పొయ్యి మీద పెట్టేముందు తెలుసుకోవలసినవి

మూడేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు మా అటక మీది సామాను కిందికి దిగింది. మాది హోసూరు పక్క పల్లె. రెండు గోనె సంచుల నిండా పాత్రలు. ఒక కాగు, మూడు బిందెలు, చెంబులు, దీపపు కుందులు, అడుగున నాలుగు కంచాలు, రెండు గిన్నెలు. ఏళ్ల తరబడి తోమక అన్నీ ఒకే నలుపు. అదే వారం పాత సామాను తీసుకుని కొత్త స్టీలు పాత్రలు ఇచ్చే ఆయన టెంపోలో వచ్చాడు. "అంతా ఇత్తడే కదమ్మా, కలిపి తూస్తాను" అన్నాడు. "తూయప్పా" అన్నాము. బియ్యానికి ఒక పెద్ద స్టీలు డబ్బా, రెండు తపేలాలు, పైన కొంత డబ్బు చేతికొచ్చాయి. ఇల్లు ఖాళీ అయిందని సంతోషించాము.

పండగ నాడు పెద్దత్త వచ్చింది. భోజనాల దగ్గర కూర్చుని, "అవ్వ కంచు కంచాలు ఏవిరా? అవి మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి" అని అడిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మేము అమ్మింది ఇత్తడి అనే అనుకున్నాము. కంచు అని వేరే ఉంటుందని పేరు తెలుసు గాని, చేతిలో పెడితే పోల్చుకోలేకపోయాము. ఆ టెంపో ఆయన మోసం చేశాడని అనలేము. మాకే తెలియనిది ఆయన ఎందుకు చెబుతాడు?

ఆ తర్వాత కనిపించిన ప్రతి పాత్రల అంగడిలోనూ, కళాయి వేసేవాళ్ల దగ్గరా అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాము. తరాల కిందట ఊరు విడిచి వచ్చిన మన ఇళ్లలో చాలాచోట్ల అప్పటి గుర్తుగా మిగిలినవి ఈ పాత్రలే. వాటిని అమ్మడం, ఉంచుకోవడం ఎవరి ఇష్టం వారిది. ఏది ఏమిటో తెలిసి చేస్తే మేలు.

పేర్ల దగ్గరే మొదటి తికమక

మన పిల్లలు బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాబట్టి ముందు పేర్లు సరిచూసుకోవాలి. ఇత్తడిని కన్నడంలో హిత్తాళె అంటారు, తమిళంలో పిత్తళై, ఒడియాలో పిత్తళ, మరాఠీలో పితళ్. అన్నీ దగ్గరగానే ఉన్నాయి. కంచు కన్నడంలోనూ కంచే. తమిళంలో మాత్రం వెంగలం. ఒడియాలో కంసా, మరాఠీలో కాంసే. రాగి దగ్గర ఇంకో చిక్కు ఉంది. తమిళంలో రాగిని సెంబు అంటారు, మనకు చెంబు అంటే నీళ్ల పాత్ర. మద్రాసు వైపు అంగడిలో "సెంబు కావాలి" అంటే ఏ లోహమో చెప్పినట్టు, "చెంబు కావాలి" అంటే ఏ వస్తువో చెప్పినట్టు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది తమిళంలోని ఈయం. తగరం వాళ్లకు వెళ్ళీయం, సీసం కారీయం. బజారు మాటలో రెండూ ఈయమే. తగరం వంట పాత్రలో ఉండవచ్చు, సీసం ఉండకూడదు. ఈ సంగతికి మళ్ళీ వస్తాము.

ఇక అసలు లెక్క. రాగిలో తుత్తునాగం, అంటే జింకు, కలిస్తే ఇత్తడి. రాగిలో తగరం కలిస్తే కంచు. రెండింటిలోనూ ఎక్కువ పాలు రాగిదే, కలిసిన రెండో లోహమే వేరు. పాత్రలకు వాడే ఇత్తడిలో సాధారణంగా 60 నుంచి 70 శాతం రాగి, మిగిలింది జింకు. మన కంచాలకు వాడే కంచులో సుమారు 78 శాతం రాగి, 22 శాతం తగరం. ఇలా లోహాలను కరిగించి కలిపిన దాన్నే మిశ్రలోహం అంటారు.

కలపడం ఎందుకు? ఒట్టి రాగి మెత్తన. ఒకే సైజు నిమ్మకాయలను బుట్టలో వరసలుగా పేర్చారనుకోండి. పై వరసను చేత్తో నెడితే కింది వరస మీద జారిపోతుంది. శుద్ధ లోహంలో అణువులు ఇలాగే వరసలుగా ఉంటాయి, దెబ్బ పడితే జారతాయి, అందుకే వంగుతుంది. ఆ వరసల మధ్య అక్కడక్కడా ఒక బత్తాయి పెట్టండి. వరస ఇక సులువుగా జారదు. రాగిలో జింకు, తగరం చేసే పని అదే. ఇంకో లాభం కరిగే వేడి తగ్గడం. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇత్తడి, కంచు అంతకంటే తక్కువ వేడికే కరిగి అచ్చులోకి పారుతాయి. రేడియో రిపేరు అంగడిలో వాడే టంకం ఇంకా విచిత్రం. తగరం 232 డిగ్రీలకు, సీసం 327కు కరుగుతాయి. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిపితే 183కే కరుగుతుంది. విడివిడిగా రెండింటికీ లేని గుణం కలిస్తే వచ్చింది.

కంచు: మోగుతుంది, పగులుతుంది

కంచు కంఠం అని ఊరికే అనలేదు. కంచు గిన్నెను వేలి కొనల మీద ఆనించి చెంచాతో అంచు మీద తట్టండి. గుడి గంటలా మోగి, ఆ మోత కొన్ని క్షణాలు సాగుతుంది. ఇత్తడి గిన్నె టప్పుమని ఆగిపోతుంది. గంటలు పోసేది కూడా తగరం ఎక్కువగా ఉన్న కంచుతోనే.

మోగే గుణమూ పగిలే గుణమూ ఒకే చోటి నుంచి వస్తాయి. తగరం ఇంత ఎక్కువగా కలిసినప్పుడు లోహం గట్టిపడి పెళుసవుతుంది. దెబ్బకు లొంగదు కాబట్టి మోగుతుంది. లొంగదు కాబట్టే గచ్చు మీద పడితే బీటలు వారుతుంది. అందుకే అటక మీది సామానులో సొట్ట పడినది ఇత్తడి కావడానికి, అంచు పగిలినది కంచు కావడానికి అవకాశం ఎక్కువ. ఇంట్లో చేసుకోగల పరీక్షల్లో మాకు బాగా పనికొచ్చింది ఇదే.

మరి ఇంత పెళుసు లోహాన్ని సాగగొట్టి కంచం ఎలా చేశారు? కంచు పనివాళ్ల నేర్పంతా ఇక్కడే ఉంది. ఈ కంచు చల్లగా ఉన్నప్పుడు సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది. ఎర్రగా కాలినప్పుడు మాత్రం సాగుతుంది. ఎరుపు తగ్గగానే ఆపి మళ్ళీ కొలిమిలో పెట్టాలి. ఇలా ఎన్నోసార్లు కాల్చి, కొట్టి, చివర ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచుతారు. కమ్మరి కత్తిని నీళ్లలో ముంచితే అది గట్టిపడుతుంది. కంచును ముంచితే పెళుసుతనం తగ్గుతుంది. నెమ్మదిగా చల్లారనిస్తే లోపల పెళుసు భాగాలు ఏర్పడతాయి, ముంచి చల్లారిస్తే వాటికి వ్యవధి ఉండదు. ఈ శాస్త్రం పుస్తకాల్లోకి రాకముందే ఆ చేతులకు తెలుసు. తూత్తుకుడి జిల్లా ఆదిచ్చనల్లూరు తవ్వకాల్లో దొరికిన పాత్రలు కూడా ఇలా తగరం ఎక్కువగా ఉన్న కంచువేనని బెంగళూరు నియాస్ సంస్థకు చెందిన శారదా శ్రీనివాసన్ పరిశోధనల్లో తేలింది.

ఒడిశాలో ఉన్న మనవాళ్లకు ఇది చదివి తెలుసుకునే సంగతి కాదు. భువనేశ్వర్ దగ్గరి బాలకాటి, నయాగఢ్ జిల్లా కంటిలో ఊళ్లలో కంసారి వాళ్లు ఈ పని చేస్తూనే ఉన్నారు. మనం చద్దన్నం అనే దానికి దగ్గరిదైన పఖాళను ఒడియా ఇళ్లలో కంసా గిన్నెలో పెట్టుకుని తింటారు. పెళ్లిలో కంసా పాత్రలు పెట్టడమూ ఉంది. మహారాష్ట్రలో ఉన్నవాళ్లు కాంసే గిన్నెకు నెయ్యి రాసి అరికాళ్లు రుద్దడం చూసి ఉంటారు. రుద్దాక గిన్నె నల్లబడితే ఒంట్లో వేడి దిగిందని చెబుతారు. మా లెక్కలో ఆ నలుపు రాగికి చెమట, నెయ్యి తగిలినందువల్ల వచ్చేది. కాళ్లకు సుఖంగా ఉంటే రుద్దుకోవచ్చు, కొలత మాత్రం నమ్మక్కరలేదు.

ఇప్పుడు ధర సంగతి. మూడు లోహాల్లో జింకు చవక. రాగి దానికి కొన్ని రెట్లు. తగరం రాగి కంటే కూడా రెట్లలోనే ఎక్కువ. కాబట్టి లోహం విలువ మాత్రమే చూసినా కిలో కంచు కిలో రాగి కంటే ఎక్కువ, కిలో ఇత్తడి కంటే చాలా ఎక్కువ. నాలుగు కంచాలు, రెండు గిన్నెలు ఇత్తడితో కలిపి తూయించినప్పుడు మేము పోగొట్టుకున్నది ఆ తేడా. పనితనం విలువ వేరే.

ఇత్తడి, దాని లోపలి తెల్లపూత

ఇత్తడి మనిషి మాట వినే లోహం. సాగుతుంది, వంగుతుంది, అచ్చులో పోస్తే పారుతుంది, తోమితే బంగారంలా ఉంటుంది. బిందెలు, గంగాళాలు, దీపపు కుందులు, తాళాలు, కుళాయిలు అన్నీ దీనితోనే. జింకు ఎక్కువ కలిపేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు పెరుగుతుంది. దీని తయారీలో పెద్ద చిక్కు, జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, రాగి అప్పటికి కరగనే కరగదు. జింకును విడిగా ఆవిరి చేసి పట్టి చల్లార్చే విద్య రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర ఐరోపా కంటే కొన్ని శతాబ్దాల ముందే పెద్ద ఎత్తున సాగింది.

మన ఊళ్ల వైపు శ్రీకాకుళం జిల్లా బుడితి, గోదావరి జిల్లాల్లో అజ్జరం, తెలంగాణలో పెంబర్తి ఇత్తడి పనికి పేరున్నవి. పర్లాకిమిడిలో, యానాంలో ఉన్నవాళ్ల ఇళ్లలో బుడితి చెంబో అజ్జరం బిందో ఉండే ఉంటుంది. తమిళనాడులో కుంభకోణం పక్క నాచ్చియార్‌కోయిల్ కుత్తువిళక్కులకు పేరు పొందింది. మహారాష్ట్రలో పుణె తాంబట్ ఆళిలో రాగి పాత్రల మీద సుత్తి చప్పుడు ఇప్పటికీ వినవచ్చు.

ఇత్తడితో అసలు జాగ్రత్త వంటలో. చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మరసం, ఊరగాయ వంటి పుల్లనివి ఇత్తడికి, రాగికి నేరుగా తగిలితే రాగి కరిగి ఆహారంలోకి దిగుతుంది. పచ్చగా పట్టే చిలుము అదే. నాలుకకు కనరు తగులుతుంది, ఎక్కువైతే కడుపులో తిప్పడం, వాంతులు. పెద్దవాళ్లకు ఇది తెలుసు కాబట్టే వంట పాత్రలకు లోపల కళాయి వేయించేవారు. కంచు మీద పులుపు పని కొంత నెమ్మదిగా సాగుతుంది. అయినా అందులోనూ ముప్పాతిక పాళ్లకు పైగా రాగే ఉంది. కంచు కంచంలో తినడం సరే, పులుసు పోసి రాత్రంతా ఉంచడం మంచిది కాదు.

కళాయి అంటే తగరం పూత. కళాయి ఆయన పాత్రను ఇసుకతో, బూడిదతో రుద్ది, బొగ్గుల మీద తిత్తి ఊదుతూ వేడి చేస్తాడు. నవాసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ లేస్తుంది, దానితో పాత్ర మీది మకిలి విడిపోతుంది. వెంటనే తగరపు కడ్డీని తాకించి, కరిగిన దాన్ని పాత గుడ్డతో చుట్టూ తిప్పుతాడు. నిమిషంలో లోపలంతా వెండిలా మెరుస్తుంది. మా చిన్నప్పుడు వీధి మొగలో ఇది జరుగుతుంటే బడి ఎగ్గొట్టి చూసేవాళ్లం.

ఆ పూత 232 డిగ్రీలకు కరుగుతుందని గుర్తుంచుకుంటే వాడుక తెలిసిపోతుంది. కళాయి పాత్రను ఖాళీగా గ్యాస్ మంట మీద పెట్టకూడదు. నూనె పోసి పొగ వచ్చేదాకా కాచకూడదు. లోపల నీళ్లో పులుసో ఉన్నంతసేపు వేడి వంద డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, భయం లేదు. పోపు వేరే గరిటెలో పెట్టుకుని పైన కలపండి. స్టీలు పీచుతో రుద్దితే పూత త్వరగా పోతుంది, కొబ్బరి పీచు చాలు. అడుగున పసుపో ఎరుపో బయటపడిందంటే మళ్ళీ వేయించే వేళ వచ్చినట్టే.

తగరం పేరుతో సీసం

ఇక్కడే అసలు ప్రమాదం. తగరం ఖరీదైనది, సీసం చవక. రెండూ తెల్లగా, మెత్తగా ఉంటాయి, బాగా కలుస్తాయి. పూతలో సీసం కలిపితే మెరుపులో తేడా కనిపించదు. సీసం ఒంట్లో కొద్దికొద్దిగా పేరుకుంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. ఇంత వరకు పరవాలేదు అనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తమిళనాడులో ఉన్న తెలుగు ఇళ్లలో చారుకు ఈయచెంబు వాడతారు. అది పూత కాదు, చెంబంతా తగరమే. అందులో కాచిన చారు రుచి వేరని ఒప్పుకుంటాము. కాని చారు అంటే చింతపండు, వేడి. ఆ చెంబులో సీసం కలిసి ఉంటే దాన్ని బయటికి లాగడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. "ఈయం" అని రాసి ఉంటే చాలదు, వెళ్ళీయమా అని అడగాలి. బిల్లు మీద అలాగే రాయించాలి.

పాతకాలపు పరీక్షలు రెండు ఉన్నాయి. శుద్ధ తగరపు కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే కిరకిరమని చిన్న చప్పుడు వస్తుంది. సీసంలో ఆ చప్పుడు ఉండదు. సీసాన్ని తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలా నల్లటి చార పడుతుంది. కళాయి ఆయన దగ్గర కడ్డీ అడిగి ఈ రెండూ చూడవచ్చు. మంచి పనివాడు కోపగించుకోడు. అయితే కొద్దిపాటి సీసం కలిపితే ఈ పరీక్షలకు చిక్కకపోవచ్చు. నిజం తేల్చేది యంత్రమే. బంగారు అంగళ్లలో నగ మీద ఎక్స్ కిరణాలు వేసి శాతాలు చూపే యంత్రం ఉంటుంది. అలాంటిదే పెద్దది లోహ పరీక్ష కేంద్రాల్లో ఉంటుంది, తగరం, సీసం, రాగి, జింకు అన్నీ చెబుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈయచెంబు రోజూ వాడేవాళ్లు ఒక్కసారి ఆ ఖర్చు పెట్టుకోవడం తప్పు కాదు.

ఇంకో మాట. అచ్చులో పోసే ఇత్తడికి, తరిణె పట్టే ఇత్తడికి పని సులువు కావడానికి రెండు మూడు శాతం దాకా సీసం కలపడం మామూలే. దీపపు కుందులకు, తలుపు గొళ్ళాలకు అది సమస్య కాదు. అలంకారానికి చేసిన ఇత్తడి గిన్నెలో పచ్చడి పెట్టుకోవడమే సమస్య. 2025లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ దిగుమతి అయిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం వంట పాత్రల నుంచి సీసం ఆహారంలోకి దిగవచ్చని హెచ్చరిక ఇచ్చింది. అక్కడున్న పిల్లలకు ఇక్కడి నుంచి పాత్రలు కట్టి పంపే అమ్మలు ఇది గమనించాలి.

స్టీలు అంతా ఒకటి కాదు

మనం ఇత్తడి, కంచు ఇచ్చి తెచ్చుకునే స్టీలూ మిశ్రలోహమే. ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దీన్ని పోతపోశారు. క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని పలుచని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది. తుప్పు పట్టకపోవడానికి కారణం అదే.

వంట పాత్రలకు మేలైన రకం 304. దీన్నే 18/8 అంటారు, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. నికెల్ ఖరీదైనది కాబట్టి దాన్ని తగ్గించి మాంగనీసు పెంచిన 200 వరసలు వచ్చాయి, ఇవి చవక, ఉప్పు పులుపులకు త్వరగా లొంగుతాయి. నికెల్ లేనిది 430, దీనికి అయస్కాంతం అతుక్కుంటుంది. "అయస్కాంతం అతకలేదు కాబట్టి మంచి స్టీలు" అని అంగడిలో చూపిస్తే సగం నిజమే. 304కు అతకదు, 200 వరసకూ అతకదు. పాత్ర అడుగున ముద్ర చూడటమే దారి. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. స్టీలు పాత్రల ప్రమాణం ఐఎస్ 14756.

చల్లటి నీళ్లలో రాళ్ల ఉప్పు వేసి వదిలేస్తే అది అడుగున కూర్చుని మంచి స్టీలు మీద కూడా సన్నటి గుంతలు పెడుతుంది. నీళ్లు మరిగాక వేసి కలపండి. పాత్ర అడుగున కనిపించే ఇంద్రధనుస్సు రంగులు మాత్రం వేడికి పొర మందమైనందువల్ల వచ్చేవి, హాని లేదు. చెప్పుకోవాలంటే సేలం ఉక్కు కర్మాగారం 1980ల నుంచి స్టెయిన్‌లెస్ రేకులు తీస్తోంది. సేలంలో స్థిరపడ్డ మనవాళ్లకు అది ఇంటి పక్క సంగతే.

ఉక్కు అన్న మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. ప్రపంచం వూట్జ్ అని పిలిచిన కత్తుల ఉక్కుకు ఆ పేరు మన, కన్నడిగుల ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. తెలంగాణలోని కోనసముద్రం దానికి పేరుపడ్డ ఊరు. ఇనుములో ఒకటి ఒకటిన్నర శాతం కార్బన్ కలవడమే అందులోని రహస్యం. దోసె పెనానికి వాడే పోత ఇనుములో అది మూడు శాతం దాటుతుంది, అందుకే వేడి పెనం మీద చన్నీళ్లు చల్లితే పగిలే ప్రమాదం ఉంది.

పేరులో ఉన్నది లోపల లేనివి

పెళ్లిళ్లలో పంచే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెల్లో వెండి ఒక్క శాతం కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపితే ఆ తెలుపు వస్తుంది. కానుకగా మంచిదే, వెండి లెక్కన ఎవరూ తిరిగి కొనరు. అసలు వెండి వస్తువు మీద 925 అని ఉంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగిలింది చాలావరకు రాగి. బంగారం మీద 916 అంటే 22 క్యారెట్లు. పూర్తి బంగారం మెత్తన కాబట్టి నగకు రాగి, వెండి కలపాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అక్షరాలు అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు వస్తాయి.

పంచలోహం అన్న మాటను కూడా కొంచెం నింపాదిగా వినాలి. స్వామిమలై శిల్పులు మైనపు అచ్చులో పోసే విగ్రహాల్లో ముప్పాతికకు పైగా రాగి, తర్వాత ఇత్తడి, సీసం, అడిగిన వారికి వెండి, బంగారం చిటికెడు. గుడి ముందు యాభై రూపాయలకు అమ్మే పంచలోహ ఉంగరంలో బంగారం ఎంత ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. బీదర్‌లో నల్లటి లోహం మీద వెండి తీగ పొదిగే బిద్రీ పనిలో ఉన్నదీ ఇనుము కాదు, జింకులో కొద్దిగా రాగి. ఆ నలుపు బీదర్ కోట మట్టిని నవాసాగరంతో కలిపి పట్టించడం వల్ల వస్తుంది. మన కళాయి ఆయన చల్లే పొడే అది.

పిల్లలకు చూపించడానికి చవకైన మిశ్రలోహాల పెట్టె మీ జేబులోనే ఉంది. రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్ళలకు అయస్కాంతం అతుక్కుంటుంది. పసుపు రంగు అయిదు రూపాయల బిళ్ళ నికెల్ కలిపిన ఇత్తడి, అతకదు. కుక్కర్ మూత మీద చిన్న సేఫ్టీ వాల్వు కూడా చూపండి. దాని నడుమ తక్కువ వేడికే కరిగే మిశ్రలోహం బిళ్ళ ఉంటుంది. విజిల్ రంధ్రం మూసుకుపోయి లోపల వేడి హద్దు మీరితే అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అందుకే అది కరిగితే అదే కంపెనీ వాల్వు వేయించాలి గాని, ఏదో మేకుతో బిగించకూడదు.

తూకం దగ్గరికి వెళ్లేముందు

పాత సామాను అమ్మదలచుకుంటే ముందు చింతపండు, ఉప్పు వేసి ఒక మూల తోమి చూడండి. ఎర్రగా వస్తే రాగి, నిమ్మపండు పసుపు అయితే ఇత్తడి, కొంచెం మట్టిరంగు కలిసిన పసుపు అయితే కంచు కావచ్చు. తర్వాత తట్టి వినండి. సొట్టలున్నాయో బీటలున్నాయో చూడండి. మూడు కుప్పలు చేసి మూడు తూకాలు అడగండి, కుప్పకు ఒక ధర చెప్పించండి. రెండు అంగళ్లలో అడిగితే తేడా మీకే తెలుస్తుంది. పేర్లు చెక్కి ఉన్నవాటిని విడిగా పెట్టండి. మన ఇళ్లలో పెళ్లికి పెట్టిన పాత్రల మీద అమ్మాయి పేరు, ఇంటి పేరు, ఒక్కోసారి ఊరి పేరు తెలుగులో చుక్కలుగా కొట్టించేవారు. ఆ ఊరు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేకపోయినా పాత్ర మీద ఉంటుంది.

ఇవన్నీ తెలిశాక మా అటక మీద మిగిలిన ఒక గోనె సంచి మళ్ళీ విప్పాము. అందులో ఒక గిన్నె దొరికింది. తట్టితే మోగలేదు. ఇత్తడే అనుకుని పక్కన పెట్టబోతుంటే పెద్దత్త చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూసింది. అంచు దగ్గర వెంట్రుకంత సన్నటి బీట ఉంది. "పగిలిన కంచు మోగదురా" అంది. అతికించడానికి వీల్లేదని, కరిగించి మళ్ళీ కొట్టవలసిందేనని రెండుచోట్ల చెప్పారు. కరిగించలేదు. అడుగున "నరసమ్మ" అని చుక్కల అక్షరాలున్నాయి. ఇప్పుడు అందులో పసుపు కొమ్ములు వేసి పెద్దత్త గూట్లో పెట్టుకుంది.